ఏడో మంచం కేసు షీటు

కట్టు కట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. చెయ్యి ఎలాంటిదో విప్పేటప్పుడు తెలుస్తుంది. పుండు మీద వేసిన గాజుగుడ్డ ఒక పూట గడిచేసరికి ఎండి అతుక్కుపోతుంది. తొందరపడి లాగారో, కింద అప్పుడప్పుడే పుడుతున్న కొత్త కండ కూడా దాంతోపాటే ఊడి వచ్చేస్తుంది. కట్లక్క ఏనాడూ లాగలేదు. గోరువెచ్చటి సెలైన్ చుక్కచుక్కగా పోస్తూ, గుడ్డ తనంతట తాను పట్టు వదిలేదాకా అలా కూర్చుంటుంది. ఈలోగా రోగితో లోకాభిరామాయణం మొదలుపెడుతుంది. మాటల్లో పడి అతను కాలి సంగతి మరిచిపోయేసరికి గుడ్డ ఆమె చేతిలో ఉంటుంది.

ఆమె అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది. దాన్ని అక్కడి నుంచి బయటికి తీసినవాళ్లు లేరు. ఇరవై ఆరేళ్లుగా సర్జికల్ వార్డులో పుండ్లు కడిగి కట్లు కడుతోంది కాబట్టి పెద్ద డాక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె కట్లక్కే. ఆమెకు ఇంకో అలవాటు ఉంది. విప్పిన కట్టును బకెట్లో వేసే ముందు రోగికి కనబడకుండా కిటికీ వైపు తిరిగి, మాస్కు దించి, ఒక్కసారి వాసన చూస్తుంది. చచ్చిన కండ వాసన వేరు, చీము వాసన వేరు, రెండు రోజులు మారని కట్టు వాసన వేరు. ఆ తర్వాత ఇటు తిరిగితే ఆమె మొహంలో ఏమీ ఉండదు. ఎంత ఘోరమైన పుండు చూసినా కట్లక్క కనుబొమ్మ కదలదని వార్డులో చెప్పుకుంటారు. ఆ మాట ఎవరైనా అంటే విననట్టే ఉండి, రెండోసారి అనేదాకా అక్కడక్కడే తచ్చాడుతుంది.

ఆ బుధవారం ఏడో మంచం మీదున్నది ఇంగ్లిషు మాస్టారు. ఉద్యోగం నుంచి దిగి నాలుగేళ్లయినా మాస్టారుతనం మాత్రం దిగలేదు. న్యూస్‌పేపరు ఇస్తే చదవకుండా తప్పులు దిద్దుతారు. షుగరు ఉన్న మనిషి, కొత్త బూటు ఒరుసుకుని ఎడమ పాదం కింద లేచిన పొక్కు ఎంతకీ మానక పుండయి, పన్నెండు రోజులుగా వార్డులో ఉన్నారు. కట్టు విప్పుతుంటే గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంటారు. ఆయన భార్య పక్కన స్టూలు మీద చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది, కానీ స్టూలు మాత్రం వెనక్కి జరపదు.

ఆ రోజు గుడ్డతో పాటు అంగుళం పొడవున నల్లటి చచ్చిన కండ పట్టీలా ఊడి వచ్చింది. వార్డు సగం దాకా కంపు కొట్టింది. పక్క మంచం ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. కట్లక్క మనసులో మాత్రం దీపం వెలిగినట్టయింది. ఆ పట్టీ ఊడిన చోట, కింద, చిన్న వేలిగోరంత మేర ఎర్రగా ఉంది. గాజుగుడ్డ కొసతో తాకితే రక్తం చెమర్చింది. రక్తం వచ్చిందంటే కాలు ఇంకా బతికే ఉంది.

పాత పద్ధతి అయితే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పేసేది. పాత డాక్టరు ఆమె చెబితే తల పైకెత్తి వినేవారు. ఆయన రిటైరై ఆరు నెలలైంది. కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు మూడు వార్డులు చూస్తారు, నోటిమాట వినరు, కాగితం చదువుతారు. పుండు ఎలా ఉందో ప్రతి రోజూ కేసు షీటులో ఒక్క ముక్కలో ఇంగ్లిషులో రాయాలి, రాయాల్సింది సిస్టరు, కట్టు కట్టేవాళ్లు కట్టడం వరకే. అదీ కొత్త రూలు. అందుకని కట్లక్క మూడడుగుల దూరంలో నిలబడ్డ కొత్త సిస్టరుకు నల్లది ఊడుతోందనీ, కింద ఎర్రగా ఉందనీ, అది రాయమనీ చెప్పింది. సిస్టరు మాస్కు మీద చెయ్యి గట్టిగా అదిమిపెట్టుకుని తలూపింది, షీటు మీద గబగబా ఏదో రాసింది, దాన్ని మంచం కొసకు తగిలించి వేగంగా బయటికి వెళ్లిపోయింది.

కట్లక్క చదువు అయిదో తరగతితో ఆగింది. ఇంగ్లిషు అక్షరాలు విడివిడిగా తెలుసు గానీ కలిపితే తెలియవు. రాసిన మాట పొడుగ్గానే కనిపించింది. అంత పొడుగు మాటలో తను చెప్పిందంతా పట్టే ఉంటుందనుకుని, తృప్తిగా ట్రాలీ తోసుకుంటూ ఎనిమిదో మంచానికి వెళ్లింది.

గురువారం పొద్దున పెద్ద డాక్టరు వచ్చారు. ఏడో మంచం దగ్గర నిలబడి షీటు చదివారు, పెదవులు బిగించారు, కట్టు వైపు చూశారు గానీ విప్పమనలేదు. జిల్లా మీటింగు ఉంది, మళ్లీ సోమవారం వస్తానన్నారు. అప్పటికీ ఇలాగే ఉంటే మంగళవారం కాలు తీసేద్దామని, చీలమండ పైనుంచి తీస్తే మిగతా కాలైనా దక్కుతుందని మాస్టారితో నెమ్మదిగా, మర్యాదగానే చెప్పారు. ఆయన చెడ్డవాడేం కాదు. ముప్పై నాలుగు మంచాలు చూడాలి, చదివిందాన్ని బట్టి చెప్పారు.

పదకొండు గంటలకు కట్లక్క ట్రాలీతో వచ్చేసరికి మాస్టారు షీటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కళ్లజోడు పెట్టుకుని ఉన్నారు. కాలి మీద దుప్పటి కప్పి, అంచులు పరుపు కిందికి దోపి ఉన్నాయి.

“వద్దమ్మా,” అన్నారు. “ఇవాళ వద్దు. ఇక వద్దు. ఇంటికి పోతాను.”

ఆయన భార్య అప్పటికే ఉండమని అడిగి అడిగి అలిసిపోయినట్టుంది. కట్లక్క ట్రాలీ పక్కకు పెట్టి, అంత కాని మాట ఏం రాశారని అడిగింది. మాస్టారు వేలితో చూపించి పైకి చదివారు. రిపల్సివ్.

“అంటే ఏంటండీ?”

అడగకూడని మనిషినే అడిగింది. అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే ఊరుకోవడం ఆయనకు చేతకాదు. ప్రాణం మీదికి వచ్చి ఉన్నా సరే, గొంతు సవరించుకున్నారు. నచ్చకపోవడం ఒక మెట్టు అన్నారు. అసహ్యం దాని కింది మెట్టు. ఇది అన్నిటికన్నా అడుగు మెట్టు. చూసినవాడి ఒళ్లు తనకు తెలియకుండానే వెనక్కి జరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. రోత, ఏవగింపు, జుగుప్స అని మనం మూడు మాటలు అంటామే, ఆ మూడూ కలిపి దంచితే వచ్చే బలం ఈ ఒక్కదానికి ఉంది. నచ్చని చొక్కాకు వాడకూడదు, చల్లారిన టీకి వాడకూడదు. కుళ్లినదానికి వాడాలి, నీచమైన పనికి వాడాలి.

“వాడుకలో తప్పేం లేదు,” అన్నారు చివరికి. “ఆ అమ్మాయి సరిగ్గానే రాసింది. నేను దిద్దినా మార్కు వేసేవాణ్ని. ముప్పై ఒక్కేళ్లు నేను నేర్పిందే అది. బోర్డు మీద ఉదాహరణ కూడా ఉండేది. గోడ పక్కన ముష్టివాడి పుండు రిపల్సివ్‌గా ఉంది, అని. మా బడి గోడ పక్కన నిజంగానే ఒకడు కూర్చునేవాడు. కిటికీలోంచి చూపించి మరీ చెప్పేవాణ్ని. పిల్లలకి ఒక్కసారికే వచ్చేసేది.”

కట్లక్క ట్రాలీ మీద గాజుగుడ్డలు సర్దుతూ అడిగింది.

“ఆ పుండుకి కట్టు ఎవరు కట్టారు మాస్టారూ?”

మాస్టారు షీటు కిందికి దించారు. క్లాసులో జవాబు తెలియని పిల్లవాడు ఎలా ఉంటాడో ఆయన వేలమందిని చూశారు, అలా తను ఉండటం మాత్రం అదే మొదటిసారి. తెలియదన్నారు. రెండేళ్లు కూర్చున్నాడనీ, తర్వాత కనబడలేదనీ, ఎక్కడికి పోయాడో తను అడగలేదనీ చెప్పారు.

“ఇలాంటి చోటికే వచ్చుంటాడు లెండి,” అంది కట్లక్క. “నా దగ్గరికి కాకపోతే నాలాంటి ఇంకొకరి దగ్గరికి. ఆ రోజు ఎవరో ఒకరు వంగి చూసే ఉంటారు, ఎంత లోతుందో, ఏ రంగుందో. చూడకుండా కట్టలేం కదా. సరే, నాకు ఇది చెప్పండి. ఈ మాటలో లోతు ఉందా? రంగు ఉందా? నల్లది ఊడిందని ఉందా? కింద ఎర్రగా ఉందని ఉందా?”

మాస్టారు షీటు వైపు మళ్లీ చూశారు. తర్వాత కళ్లజోడు తీసేశారు.

“లేదు,” అన్నారు. “ఇది నా కాలి గురించి ఏమీ చెప్పట్లేదు. చూసినవాళ్ల కడుపు సంగతి చెబుతోంది, అంతే.” వెంటనే తనే అడిగారు. “మరి నా కాలి సంగతి ఎవరు రాశారు?”

“ఎవరూ రాయలేదండీ. రాద్దామంటే మీరే చూడట్లేదు.”

“నేను చూస్తూనే ఉన్నాను, పదమూడు రోజులుగా,” అంది ఆయన భార్య స్టూలు మీంచి. ఆ మూల నుంచి మాట వస్తుందని ఇద్దరూ అనుకోలేదు. “ఆయనే గోడ చూస్తున్నారు.”

పుండు అరికాలి బయటి అంచున ఉంది. వంగి చూసుకునే చోటు కాదు, అద్దం కావాలి. కట్లక్క సిస్టర్ల గదిలోకి వెళ్లి, చేతులు కడుక్కునే సింకు పైన మేకుకు వేలాడుతున్న అద్దం తీసుకొచ్చింది. అడిగితే ఇవ్వరని తెలుసు కాబట్టి అడగలేదు. కట్టు విప్పింది. సెలైన్ పోసింది. మాస్టారి భార్య అద్దం పట్టుకుంది. మాస్టారు చూశారు, చూసిన మరుక్షణం మొహం తిప్పుకుని బేసిన్ అడిగారు. వాంతి అయ్యాక భార్య మూతి తుడిచింది. కట్లక్క కదల్లేదు, ధైర్యం చెప్పలేదు. ఈ పనిలో మొదటి రోజు తనకూ అదే అయింది, ఎవరూ ధైర్యం చెప్పలేదు. రెండోసారి ఆయన ఇంకాస్త ఎక్కువసేపు చూశారు.

“ఆ ఎర్రది ఏమిటి?”

“అది మీరే మాస్టారూ. కొత్తగా వస్తున్నారు.”

ఆయన న్యూస్‌పేపరు అంచున రాసుకునే పెన్ను తీశారు. కాగితం తీశారు. ఇక చెప్పమన్నారు.

చెప్పడం అంత తేలిక కాదని కట్లక్కకు అప్పుడు తెలిసింది. కళ్లకు తెలిసింది నోటికి తేవాలి. గోరంత ఎరుపు అంటే ఎవరి గోరు అని మాస్టారు అడిగారు. వేలి కణుపంత లోతు అంటే డాక్టరుకు పనికిరాదన్నారు. కొలత కావాలన్నారు. ప్రోబ్ అనే మొద్దుమొన స్టీలు పుల్ల పుండులోకి దించి, ఎక్కడిదాకా దిగిందో అక్కడ బొటనవేలు ఆనించి బయటికి తీసి, భార్య సంచిలోంచి తీసిచ్చిన మాస్టారి పాత బడి స్కేలు పక్కన పెట్టింది కట్లక్క. ఒక సెంటీమీటరు, మీద మూడు గీతలు. పొడవు నాలుగు. నల్లది ఎంత, పసుపు ఎంత, ఎరుపు ఎంత. చీము చిక్కగా ఉందా, పలచగా ఉందా. ఒకసారి కట్లక్క “చూడ్డానికి దరిద్రంగా ఉంది గానీ” అని మొదలుపెడితే ఆయన పెన్ను ఎత్తేశారు. దరిద్రం అన్నది నీ సంగతి, పుండు సంగతి చెప్పమన్నారు. కట్లక్కకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో ఆమె మాటను ఇంత జాగ్రత్తగా విన్నవాళ్లు లేరు. అది దిద్దించుకోవడమే అయినా హాయిగా ఉంది.

నాలుగు వాక్యాలు తయారయ్యాయి. కానీ షీటు మీద రాయాల్సింది సిస్టరు.

కొత్త సిస్టరుకు ముప్పై దాటి ఉంటాయి. పిల్లల వార్డు నుంచి నెల కిందట మారి వచ్చింది. మందుల అల్మారా దగ్గర పట్టుకుని కట్లక్క కాగితం చూపిస్తే ఆమె మొహం ఎర్రబడింది. తను అబద్ధం రాయలేదంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

“నాకు నిజంగానే కడుపులో తిప్పింది కట్లక్కా. బయటికి వెళ్లి వాంతి చేసుకున్నాను. నర్సునై ఉండి ఇలా అని ఎవరికి చెప్పుకోను? వచ్చిన మాట రాసేశాను.”

“వాంతి చేసుకుంటే తప్పేం లేదు సిస్టర్. మాస్టారూ చేసుకున్నారు. కానీ ఆ మాట చదివి ఆయన కాలు తీసేస్తున్నారు.”

సిస్టరు అల్మారా తలుపు మూసేసింది. తర్వాత కాగితం తీసుకుంది. ముందు రోజు మాటను కొట్టేయడానికి వీల్లేదు, కేసు షీటులో రాసింది రాసినట్టే ఉండాలి. దాని కింద కొత్త తేదీ వేసి నాలుగు వాక్యాలూ ఎత్తి రాసింది. రేపటి నుంచి వీళ్లు చెబుతుంటే అక్కడే రాస్తానని, కాకపోతే కిటికీ దగ్గర నిలబడతానని అంది. కిటికీ కాదు, కావాలంటే వరండాలో నిలబడి రాసినా ఒప్పేసుకునేలా ఉంది కట్లక్క ఉత్సాహం.

శుక్రవారం ఎరుపు బొటనవేలి గోరంత అయింది. మాస్టారు సెంటీమీటర్లలో రాశారు. శనివారం చీము తగ్గింది, లోతు రెండు గీతలు తగ్గింది. మాస్టారి భార్య అద్దం ఏ వాలులో పట్టుకోవాలో నేర్చుకుంది, చేతిరుమాలు ఎక్కడో పెట్టి మరిచిపోయింది. పక్క మంచం ఆయన మొహం మీంచి దుప్పటి తీసి, తన పుండుకు కూడా ఇలా రాస్తారా అని అడిగాడు. మాస్టారు ఒక్కోసారి మాట దొరక్క కణతలు నొక్కుకునేవారు, దొరికితే పైకి రెండుసార్లు అనుకునేవారు. ఆ మూడు రోజులూ ఆయన ఇంటి ఊసెత్తలేదు.

శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లాక కట్లక్క ఇదంతా భర్తకు చెప్పింది. ఆయన టైలరు, మిషను ఆపకుండానే విన్నాడు. ఆమె సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని, నాలుగోసారి కడుక్కోబోతుంటే మిషను ఆపాడు.

“నువ్వు చెబితే ఇంగ్లిషు మాస్టారు రాసుకున్నారా?”

“రాసుకోవడమే కాదు, అర్థం కాకపోతే మళ్లీ అడుగుతారు.”

ఆయన తల పంకించి, అయితే ఇక తన మాట ఇంట్లో చెల్లదన్నమాట అన్నాడు. ఇప్పుడు మాత్రం ఎక్కడ చెల్లుతోందని ఆమె అంది. ఆ రాత్రి అన్నం వడ్డించింది ఆయనే.

ఆదివారం పొద్దున కట్టు విప్పుతున్నంతసేపూ కట్లక్క హుషారుగానే ఉంది. పుండు బాగుంది. ఎరుపు సగానికి పైగా వచ్చింది. కిటికీ వైపు తిరిగి, మాస్కు దించి, వాసన చూసింది. ఎప్పుడూ ఒక్కసారి చూసే మనిషి రెండోసారి చూసింది. కంపు లేదు, కానీ అడుగున ఎక్కడో తీపి తగిలింది. ముగ్గిపోయిన పండు లాంటి తీపి. అది పుండు వాసన కాదు. వెనక్కి వచ్చి పాదమంతా వేళ్లతో అంగుళం అంగుళం నొక్కుతూ వెళ్లింది. చిటికెన వేలి దగ్గర ఆగింది. పైకి వేలు మామూలుగానే ఉంది, కాస్త ఉబ్బి మెరుస్తోంది. నాలుగో వేలికీ దానికీ మధ్య సందు విడదీస్తే చర్మం సబ్బులో నానినట్టు తెల్లగా ఉంది.

రేపు సోమవారం. చిటికెన వేలి సంగతి ఎవరికీ తెలియదు. పుండు వరకు రాసి ఊరుకుంటే షీటు మీద నాలుగు రోజుల మంచి కబుర్లు ఉంటాయి. వేలు రెండు రోజుల తర్వాత ఎలాగూ బయటపడుతుంది, అప్పటికి పాదం దక్కినట్టే కదా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చిందని ఆమె తర్వాత కూడా దాచుకోలేదు. ప్రోబ్ ట్రేలో పెట్టి, చిటికెన వేలు పోయిందని చెప్పింది.

మాస్టారు పెన్ను ఆపేశారు. “ఇది రాస్తే రేపు కాలు తీసేస్తారు.”

“తియ్యొచ్చు.”

“రాయకపోతే?”

“నాలుగు రోజులుగా నేను చెప్పిందంతా అబద్ధమైపోతుంది మాస్టారూ. నాకు నచ్చింది చెప్పి నచ్చనిది దాస్తే, ఆ పొడుగు మాటకీ నా మాటకీ తేడా ఏముంది? రాయండి. ఎక్కడ పోయిందో సరిగ్గా రాయండి. ఎక్కడిదాకా పోలేదో కూడా రాయండి.”

మాస్టారు పెన్ను మళ్లీ కాగితానికి ఆనించారు. భార్య అద్దం మంచం మీద పెట్టి ఆయన భుజం పట్టుకుంది. సిస్టరు కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. షీటు మీద సంతకం తనది కాబట్టి తను చూడకుండా రాయనంది. మంచం మీదికి వంగింది. ఈసారి మాస్కు మీద చెయ్యి పెట్టుకోలేదు. నాలుగో వేలు నొక్కి చూసి, ఇది వెచ్చగానే ఉందని తనంతట తాను అంది. ఆ ముక్క కూడా రాశారు.

సోమవారం పెద్ద డాక్టరు వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఏడో మంచం షీటు తీసి చదవడం మొదలుపెట్టారు. బుధవారం దగ్గర ఆగలేదు. గురువారం దగ్గర ఆగారు. పేజీ తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పారు. మాస్టారు తలగడకు ఆనుకుని, పరీక్ష పేపరు ఇచ్చేసిన కుర్రాడిలా చేతులు కట్టుకుని ఉన్నారు. ఆదివారం వాక్యాలు డాక్టరు రెండుసార్లు చదివారని కట్లక్క కళ్ల కదలికను బట్టి పోల్చుకుంది.

“ఇది ఎవరు రాశారు?”

షీటు కింద సంతకం సిస్టరుది. అవునండి నేనే అంటే సరిపోతుంది, కాదనడానికి కట్లక్క నోరు లేచేది కూడా కాదు.

“కట్లక్క చెప్పింది సార్,” అంది సిస్టరు. “మాస్టారు ఇంగ్లిషులో పెట్టారు. నేను ఎత్తి రాశాను.”

డాక్టరు తలెత్తి కట్లక్కను చూశారు. ఆరు నెలల్లో ఆమె మొహం సరిగ్గా చూడటం అదే మొదటిసారి అయి ఉంటుంది. కట్టు విప్పమన్నారు. విప్పుతున్నంతసేపూ ఆయన గడియారం చూసుకోలేదు. పుండు చూశారు, ఎర్రటిచోట గాజుగుడ్డతో తాకారు, రక్తం చెమర్చింది. తర్వాత చిటికెన వేలు పట్టుకున్నారు.

“పైకి బాగానే ఉందిగా. ఇది పోయిందని ఎలా చెప్పావు?”

ఏం చెప్పాలో కట్లక్కకు తెలుసు. చెబితే నవ్వుతారేమో, మొహం చిట్లిస్తారేమో, ఇదేం పాడు అలవాటని కసురుకుంటారేమో. ఇరవై ఆరేళ్లు కిటికీ వైపు తిరిగి చేసిన పని అది.

“వాసన చూశానండి,” అంది. “రోజూ చూస్తాను.”

డాక్టరు నవ్వలేదు. ప్రోబ్ అడిగారు. వేళ్ల సందులో దాని మొన పెట్టి, కొద్దిగా నొక్కారు. పైకి ఏమీ లేనిచోట నుంచి చిక్కటి చీము అర చెంచాడు బయటికి వచ్చింది. సిస్టరు ట్రే పట్టుకుంది. ఆయన నాలుగో వేలు నొక్కారు, పాదం మీద, మడమ మీద, చీలమండ మీద నొక్కారు, ఒక్కోచోట నొక్కినప్పుడల్లా షీటు చూశారు. అన్నీ చూశాక ప్రోబ్ ట్రేలో పడేశారు.

“చెడింది ఎక్కడుందో దాచకుండా రాశారు. బాగున్నది ఎక్కడుందని రాశారో అదీ నమ్మొచ్చు,” అన్నారు. “రేపు చిటికెన వేలు తీద్దాం. కాలు ఉండనీ.”

మాస్టారి భార్య స్టూలు మంచం దగ్గరికి ఇంకాస్త జరుపుకుంది. మాస్టారు కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. పెద్ద డాక్టరు ఎనిమిదో మంచం షీటు తీసి, అందులో ఒక్క ముక్క చదివి, దాన్ని సిస్టరుకు తిరిగి ఇచ్చేశారు. ఇక నుంచి ఈ వార్డులో ఉన్న పదకొండు మంచాలకూ ఇలాగే కావాలనీ, కట్టు విప్పినవాళ్లు చెప్పిందే రాయాలనీ అన్నారు. మెచ్చుకోలు లేదు, భుజం తట్టడం లేదు, రూలు మార్చారంతే. కట్లక్కకు అంతకంటే పెద్ద మెచ్చుకోలు తెలియదు. ట్రాలీ తోస్తుంటే చక్రాలు ఆ రోజు కూడా కీచుమన్నాయి గానీ ఆమెకు వినబడలేదు.

మంగళవారం వేలు తీశారు. మొదటి కట్టు విప్పింది శుక్రవారం. మాస్టారి భార్య అద్దం పట్టుకుంది. మాస్టారు గోడ వైపు తిరగలేదు. సిస్టరు మంచానికి ఆనుకుని షీటు పట్టుకుంది. కట్లక్క సెలైన్ పోసి, గుడ్డ వదిలేదాకా ఆగి, తీసింది. కుట్లు పొడిగా ఉన్నాయి. పాత పుండు అంచుల దగ్గర నుంచి సన్నటి గులాబీరంగు చర్మం లోపలికి పాకుతోంది. వాసన చూడటానికి ఆమె కిటికీ వైపు తిరగలేదు. మంచం దగ్గరే, అందరి ముందే చూసింది. ఏమీ లేదు. ఉతికిన గుడ్డ వాసన.

“చెప్పమ్మా,” అన్నారు మాస్టారు.

“బాగుంది,” అంది కట్లక్క.

“అలా కాదు. అది చూసినవాళ్ల సంగతి. రంగు చెప్పు, కొలత చెప్పు.”

“అవన్నీ చెబుతాను. ముందు ఇది రాయండి.” ఆమె విప్పిన కట్టును బకెట్లో వేసింది. “కడుపులో తిప్పితే షీటు మీదికి ఎక్కింది కదా మాస్టారూ. సంతోషం వేస్తే ఎక్కకూడదా? ఇరవై ఆరేళ్లలో అడగడం ఇదే మొదటిసారి. నేను చేసిన పని, నేను చూశాను, నాకు చాలా బాగుంది. అది రాయండి.”

మాస్టారు సిస్టరు వైపు చూశారు. సిస్టరు అప్పటికే పెన్ను మూత తీసింది. తగిన మాట కోసం ఆయన చాలాసేపు వెతికారు, రెండు మాటలు చాలవని వదిలేశారు, మూడోది చెప్పారు. సిస్టరు దాన్ని రాసి, పక్కన ఎవరన్నారో కూడా రాసింది. ఆ తర్వాత రంగూ, కొలతా రాశారు.

సోమవారం రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ఆ వాక్యం దగ్గర ఆగారు. మళ్లీ చదివారు. జేబులోంచి పెన్ను తీశారు, దాన్ని కొట్టేయకుండా, కింద తన సంతకం పెట్టి తర్వాతి మంచానికి వెళ్లారు.